గవర్నరు గారి గోడకుర్చీ

మొన్న ఆదివారం అరవై ఏళ్ళ వయసులో, ఇరానీ హోటల్లో అందరూ చూస్తుండగా, గోడకుర్చీ వేశాను. నేను చేసిన పని అలాంటిది మరి.

అంతకు ముందు ఆదివారం అదే హోటల్లో నా స్కూలు దోస్తులు నర్సింగ్, రజాక్‌లతో చాయ్ తాగుతున్నా. టీవీలో వార్త. చిన్న కేసుల్లో జైల్లో ఉన్నవాళ్ళకు త్వరగా బెయిలు దొరికేలా ఏదో రాష్ట్రంలో అసెంబ్లీ బిల్లు పాస్ చేసిందట. గవర్నరు సంతకం పెట్టడం లేదట. నాకు ఒళ్ళు మండింది.

"నచ్చకుంటే వాపస్ పంపాలె. గట్లనే పెట్టుకొని కూసుంటే లోపలున్నోని గతేంది?" అని బల్ల గుద్దాను.

నర్సింగ్ సాసర్లో చాయ్ పోసుకుంటూ, "మరి నా బిల్లు ఏదిరా?" అన్నాడు.

టెన్త్‌లో మా బడిలో మాక్ అసెంబ్లీ పెట్టారు. మా నాన్నకు రైల్వే కోటు ఉంది కాబట్టి గవర్నరు పదవి నాకొచ్చింది. నర్సింగ్ ముఖ్యమంత్రి. లేటుగా వచ్చినవాడికి గోడకుర్చీ వేయించే ముందు కారణం అడగాలని బిల్లు పెట్టి పాస్ చేయించాడు. గవర్నరు సంతకం పెడితే నిజంగానే అమలు చేస్తానని హెడ్మాస్టరు మాటిచ్చారు. నేను దాన్ని కోటు జేబులో పెట్టుకుని, అడిగినప్పుడల్లా "పరిశీలనలో ఉంది" అన్నాను. ఆ మాట అంటుంటే ఎంత బాగుండేదో. మా ఇల్లు సీతాఫల్‌మండిలో, బడి పక్కనే. వాడు బొల్లారం నుంచి రైల్లో రావాలి. బండి లేటయిన ప్రతిరోజూ, పరీక్షలదాకా, వాడు గోడకుర్చీ వేశాడు. ఇన్నేళ్ళకు నాకు సిగ్గేసింది.

ఇంటికెళ్ళి ట్రంకుపెట్టె తీస్తే కోటు జేబులో కాగితం అలాగే ఉంది. వాడి గుండ్రటి చేతిరాత చూసి కళ్ళు చెమర్చాయి. వాడి ముందే సంతకం పెడదామని మొన్న ఆ కోటే వేసుకుని బయల్దేరాను. ట్రాఫిక్‌లో గంట లేటు. హోటల్లో అడుగుపెట్టగానే నర్సింగ్ గోడవైపు వేలు చూపించాడు.

"జెర ఆగు, ఎందుకు లేటయిందంటే..." అన్నాను.

"కారణం ఎందుకడగాలె? చట్టముందా?" అన్నాడు నర్సింగ్.

కాగితం తీసిచ్చాను. రజాక్ అటూ ఇటూ తిప్పి చూసి, "సంతకమేది?" అన్నాడు.

గోడకు ఆనుకుని కుర్చీ వేశా. పది లెక్కపెట్టేలోపు మోకాళ్ళు మొరాయించాయి, కూలబడ్డాను. నర్సింగ్ పెన్ను అందించాడు. కింద కూర్చునే సంతకం పెట్టాను. వాడు ఇంకు ఆరేదాకా ఊది, మడిచి జేబులో పెట్టుకున్నాడు.

"ఇగ చెప్పురా, ఎందుకు లేటయింది?"

నలభై అయిదేళ్ళ లేటుకు ట్రాఫిక్ అని ఎలా చెప్తాను? "ముందుగాల నన్ను లేపుండ్రి" అన్నాను.