మేనమామ ఒళ్లో చెవులు కుట్టించుకున్న పిల్ల

ఈ రోజు మా తమ్ముడి మనవరాలు రేవతికి తోడుగా గుడియాత్తం నుంచి సత్తువాచారిలోని వీసా ఏజెంటు దగ్గరికి వెళ్లాను. దాని మొగుడు మురళి ఇంగ్లండులో ఉన్నాడు. భార్యగా వెళ్లాలంటే తమది నిజమైన బంధమేనని చూపే ఫొటోలు కావాలట.

రేవతి గర్వంగా తన చెవులు కుట్టిన నాటి ఫొటో తీసింది. మురళి దానికి సొంత మేనమామ. అప్పటికి పదేళ్లవాడు, పాపను ఒళ్లో పెట్టుకున్నాడు. ఆ వేడుక కోసం మా ఇంట్లో మగ్గాలన్నీ ఆపేశాం. కంసాలి తీగ గుచ్చగానే పాప కన్నా వాడే గట్టిగా ఏడ్చాడు.

ఏజెంటు ఉలిక్కిపడ్డాడు. "అయ్యయ్యో, మేనమామనా? ఆ దేశం చట్టం ఈ పెండ్లి ఒప్పుకోదమ్మా!"

"ఇంతకన్నా రుజువు యాడుండాది సార్? పుట్టినప్పటి నుంచి నన్ను ఎత్తుకున్నోడే!"

"దాంతోనేమ్మా తంటా! నువ్వు నర్సువి గదా, పని వీసా మీద పో."

దగ్గరి రక్తసంబంధం, ఈ పెళ్లి వద్దని అప్పట్లో నేను పుస్తకాలు ముందేసుకుని వాదించాను. "చదివి చదివి చెడినాడు" అని నవ్విన చుట్టాలందరూ ఇది చదవండి, గెలిచింది నేనే. కానీ తిరుగు బస్సులో ఆ పిల్ల గుడియాత్తం దాకా ఆ ఫొటోనే చూసుకుంటూ కూర్చుంది. నా గెలుపు నాకే చేదైంది.

భార్యనంటే రానివ్వని దేశం, కూలికి వస్తానంటే రమ్మంటుంది. మీ ఇళ్లలో మేనమామను చేసుకుని ఇలా వెళ్లినవాళ్లుంటే చెప్పండి, మా రేవతికి వినిపిస్తాను.