బుడిపెకు తగిలించిన మగ్గు

లెక్క తప్పితే వంతెనలు కూలతాయంటారు. నా లెక్క ఎక్కడా తప్పలేదు. అయినా అమెరికాలో, ప్లెయిన్స్‌బరోలో మా అపార్ట్‌మెంట్లో రెండు కుటుంబాల స్నానాలు తలకిందులయ్యాయి. ఆ ఘనకార్యం చెబుతాను. మీరు స్నానం కానిచ్చి వచ్చి చదవండి. చదివాక మీ షవర్ మీద మీకే అనుమానం పుడుతుంది.

లెక్కలు నాకు ఏ కాలేజీ నేర్పలేదు, సొంతంగా నేర్చుకున్నాను. అలా నేర్చుకున్నవాడికి ఒక జబ్బు ఉంటుంది. కారులో గ్యాస్ కొట్టించినా, కుక్కర్లో బియ్యం పోసినా, లెక్క కట్టనిదే చెయ్యి ఊరుకోదు.

మా మామగారు, రిటైరైన తహసీల్దారు, మొదటిసారి మా ఇంటికి వస్తున్నారు. ఇండియాకి ఫోన్ చేసే కాలింగ్ కార్డులో నిమిషాలు కరిగిపోతున్నా లెక్కచేయకుండా ఆయనతో గొప్పలు పోయాను.

"మామయ్యగారూ, ఇక్కడ షవర్ అంటే జడివానే. మీరు కింద నిలబడితే చాలు."

"మంచిదే అల్లుడుగారూ. అయినా ఒక బకెట్టూ మగ్గూ ఉంచండి. అవి లేకపోతే నాకు స్నానం చేసినట్టుండదు."

వెంటనే రెండూ కొన్నాను. బకెట్టు టబ్ కుళాయి కింద కుదిరింది. మగ్గుకు చోటు దొరకలేదు. ఆ కుళాయి మీద చిన్న బుడిపె ఉంటుంది. దాన్ని పైకి లాగితే నీళ్ళు షవర్‌కి ఎక్కుతాయి. మగ్గు పిడిని ఆ బుడిపెకు తగిలించాను. ఎంత ముచ్చటగా ఉందో చూడమని మా ఆవిడ సుధను పిలిచి మరీ చూపించాను.

మర్నాడు పొద్దున సుధ తల నిండా షాంపూ నురగతో బయటికి వచ్చింది.

"ఏమండీ, ఇదేనా మీ జడివాన? పెళ్ళిలో పన్నీరు చల్లుతున్నట్టుంది. నాన్నగారు శనివారం దిగుతున్నారు. ఆయన ఊరికి ఫోన్ చేసి మా అల్లుడి షవర్ ఇలా ఉందని చెప్తే మీ పరువేం కాను?"

పరువు మాటెత్తాక నేను ఆగుతానా? రంధ్రాల్లో పేరుకున్న సున్నం కరగాలని షవర్ తలకి వెనిగర్ నింపిన ప్లాస్టిక్ సంచీ కట్టాను. బాత్రూమ్ ఆవకాయ జాడీలా ఘాటెక్కింది. సాయంత్రం కొలతకు దిగాను. మగ్గు తీసి షవర్ కింద పట్టి, వాచీ చూస్తూ నిలబడ్డాను. కళ్ళు మూసి తెరిచేలోగా మగ్గు నిండిపోయింది. అద్భుతం అనుకుని మగ్గును జాగ్రత్తగా మళ్ళీ బుడిపెకే తగిలించాను.

పొద్దున మళ్ళీ పన్నీరే. సాయంత్రం కొలిస్తే మళ్ళీ జడివాన.

మీకు ఈపాటికి అర్థమై ఉంటుంది. నాకు కాలేదు. ఎందుకంటే మీరు లెక్క వేయలేదు. నేను వేశాను. సాయంత్రం బాగుంది, పొద్దున బాగాలేదు. అంటే పొద్దున మన నీళ్ళు ఇంకెవరో లాగేస్తున్నారు. ఎవరు? పైఇంటి శ్రీధర్. ఇక పొద్దున షవర్ పెట్టినప్పుడల్లా కుళాయి నుంచి కూడా ధార కారి బకెట్టు దానంతటదే నిండుతోందా, దాన్ని ఒక సౌకర్యం కింద జమ కట్టుకున్నాను.

పైకి వెళ్ళి శ్రీధర్‌కి విషయం వివరించి, స్నానం రాత్రికి మార్చుకోమన్నాను.

"అన్నయ్యా, ఎయిట్‌కల్లా నాకు స్టేటస్ మీటింగ్. రాత్రి స్నానం చేసి పడుకుంటే పొద్దున్నకి జుట్టు కాకిగూడులా లేస్తుంది."

"మామగారి ముందు నా పరువయ్యా. కొన్నాళ్ళు దువ్వెన కాస్త గట్టిగా వాడు."

పాపం, ఒప్పుకున్నాడు. వాళ్ళ నీళ్ళు కూడా కొలుద్దామని బాత్రూమ్‌లోకి వెళితే వాళ్ళ మగ్గు నేల మీద దొర్లుతోంది. ఉపకారానికి ప్రత్యుపకారంగా దాన్ని బుడిపెకు తగిలించే ఉపాయం నేర్పి, నా చేత్తోనే తగిలించి వచ్చాను.

శనివారం దిగి నిద్రపోయిన మామగారు ఆదివారం పొద్దున స్నానానికి వెళ్ళారు. నేనూ సుధా తలుపు బయట చెవులు రిక్కించి నిలబడ్డాం. కాసేపు తుంపర. తరువాత జడివాన. మళ్ళీ తుంపర. మళ్ళీ జడివాన. మామగారు తల తుడుచుకుంటూ వచ్చారు.

"బాగుంది అల్లుడుగారూ, మీరు చెప్పినట్టు జడివానే."

"పైవాళ్ళతో మాట్లాడి సర్దుబాటు చేయించానండీ," అన్నాను, ఛాతీ కాస్త విప్పార్చి.

"పైవాళ్ళ సంగతి నాకు తెలీదు గానీ, మగ్గు తీస్తే జడివాన, తగిలిస్తే తుంపర. మగ్గు బరువుకి బుడిపె కిందికి దిగుతోంది, సగం నీళ్ళు బకెట్లోకి పోతున్నాయి." ఆయన తువ్వాలు భుజాన వేసుకున్నారు. "అమెరికాలో షవర్‌ని మగ్గుతో కట్టేస్తారా అండీ?"

సుధ గోడవైపు తిరిగింది. భుజాలు మాత్రం అదురుతున్నాయి.

మగ్గు బరువెంత ఉంటుందో లెక్క కడుతుండగా తలుపు చప్పుడైంది. శ్రీధర్. జుట్టు నిజంగానే కాకిగూడు.

"అన్నయ్యా, ఏమిటో, మీరు వచ్చి వెళ్ళినప్పటి నుంచి మా షవర్ కూడా సన్నబడింది. మీ లెక్క కరెక్టే. రాత్రిళ్ళు కింద మీరు లాగేస్తున్నట్టున్నారు. మామయ్యగారు ఉన్నన్నాళ్ళూ మీరు స్నానాలు మధ్యాహ్నానికి మార్చుకుంటారా?"

మామగారు నా వైపు చూశారు. నేను మగ్గు వైపు చూశాను.

ఆరోజే ఆ మగ్గులోని నీళ్ళు అరచేతిలో పోసుకుని సూర్యుడి సాక్షిగా ప్రతిజ్ఞ చేశాను: ఈ జన్మలో మళ్ళీ దేన్ని కొలవాల్సి వచ్చినా, కొలత పాత్రను ఎక్కడి నుంచి తీశానో ముందు అక్కడ చూస్తాను. ఇంకొకరింటి మగ్గుకు ఉపాయం మాత్రం చచ్చినా చెప్పను.