అప్పన్న మిస్త్రీ కూతురు

మొన్న సుభాష్‌పల్లిలో తెలుగు సంఘం వాళ్ళు కప్పిన సన్మానపు శాలువా ఇంకా కుర్చీ మీదే పడుంది. కొత్తబట్ట గంజి వాసనా, పైన చల్లిన పన్నీరు వాసనా కలిసి గదంతా నిండిపోయి, అటుకేసి వెళ్ళినప్పుడల్లా నాకు ఒళ్ళు మండుతోంది. బడిలో తెలుగు చెప్పి రిటైరైనందుకు పిలిచారు. సంఘం అధ్యక్షుడు నా దగ్గర అక్షరాలు దిద్దినవాడే. మైకులో నన్ను మట్టిలో మాణిక్యం అన్నాడు. దిక్కూ మొక్కూ లేని ఇంట పుట్టి పైకొచ్చానట.

ఎవరికి దిక్కు లేదు?

ఈ బెంగాలీ ఊళ్ళో, ఓల్డ్ సెటిల్‌మెంట్ రైల్వే క్వార్టర్లలో మా నాన్నంటే అప్పన్న మిస్త్రీ. రైల్వే కార్ఖానా కొలిమి దగ్గర ఎర్రగా కాలిన ఇనుమును పట్టకారుతో తిప్పుతూ, సమ్మెట దెబ్బ ఎక్కడ పడాలో కళ్ళతోనే చెప్పేవాడు. సాయంత్రం సైరన్ మోగాక సైకిలు దిగి, బొగ్గూ నూనే చెమటా కలిసిన వాసనతోనే నన్నెత్తుకునేవాడు. లోపల అమ్మ ఎండు నెత్తళ్ళ పులుసు ఉడుకుతుండేది.

వానలు వెనకపట్టే రోజుల్లో విశ్వకర్మ పూజ నాడు పిల్లలం మమ్మల్నీ కార్ఖానాలోకి రానిచ్చేవారు. ఆకాశం నిండా గాలిపటాలు, నేలంతా నూనె మరకలు, బంతిపూల దండలతో పెళ్ళికొడుకుల్లా యంత్రాలు. బెంగాలీ పూజారి శంఖం ఊదుతుంటే, నాన్న మాత్రం మన పద్ధతిలో, ఇనుము పెట్టి కొట్టే దాగలికి పసుపు పూసి, బొట్టు పెట్టి, కొబ్బరికాయ కొట్టేవాడు. ఆకు విస్తళ్ళలో పొగలు కక్కే ఖిచిడీ వడ్డించే బెంగాలీ అన్నలు, మా దాదాలు, "అప్పన్న మిస్త్రీర్ మేయే" అని, అంటే అప్పన్న మిస్త్రీ కూతురని, ఒకరికొకరు చెప్పుకుంటూ నాకు ఇంకో వంకాయ బజ్జీ వేసేవారు. పూరీ గేట్ దగ్గర తెలుగువాళ్ళ కొట్లోనూ అంతే. ఎవరి బిడ్డవే అని అడిగి, నాన్న పేరు వినగానే గౌను ఒళ్ళో మరమరాలు పోసేవారు. ఊళ్ళో తలెత్తుకు తిరిగింది, బడిలో పాఠం చెప్పింది ఆ పేరిచ్చిన ధైర్యంతోనే. అది మట్టా?

మైకు నా చేతికొచ్చాక ఊరుకోలేకపోయాను.

"మీ తాత మా నాయన పక్కనే సమ్మెట కొట్టినాడు బాబూ. మా నాయన మట్టయితే మీ తాతేటి?" అన్నాను.

హాలంతా నవ్వి చప్పట్లు కొట్టింది. చమత్కారం అనుకున్నారు. అధ్యక్షుడు మాత్రం నవ్వలేదు. కిందికి దిగాక నా పక్కన చేరి మెల్లగా అడిగాడు.

"మా తాత కార్ఖానాలో సేసినాడా టీచరమ్మా? నాకెవులూ సెప్పనేదు."

వాణ్ణి కడిగేద్దామని ఎన్నో మాటలు దాచుకున్నాను; ఎవరూ చెప్పనివాణ్ణి ఏమని కడగను? అందుకే ఇంకా మండుతున్నాను. శాలువా కప్పుకోను. కొలిమి చల్లారింది, మా క్వార్టరు గోడలు కూలాయి, పోతే పోనీ. టీచరమ్మా అని దండం పెట్టేవాళ్ళు ఇప్పటికీ వీధి వీధినా ఉన్నారు. ఎవరి బిడ్డవే అని అడిగేవాళ్ళు మాత్రం ఈ ఊళ్ళో ఒక్కరూ మిగల్లేదు.