కంది చేను మీద పన్నెండు నిమిషాలు

మక్తల్‌లో బస్సు దిగేసరికి మధ్యాహ్నం రెండు దాటింది. తొంభైల నడిమి కాలం, ఫిబ్రవరి మొదటి వారం. వీపున కిట్ బ్యాగు, చేతిలో ట్రంకు పెట్టె, జేబులో ఆర్డరు. అందులో ఉన్నది ఒకే ముక్క: ఆరు వారాల శిక్షణ, పవర్డ్ పారాగ్లైడర్. ఆ మాట మా యూనిట్‌లో ఎవరూ విన్నది కాదు. టైపు చేసిన క్లర్కు నన్ను ఎగాదిగా చూసి, "ఇదేదో శిక్షలా ఉంది, ఏం చేశావ్?" అన్నాడు. నాకూ అదే అనుమానం.

నాకు పుట్టుకతోనే అనుమానం ఎక్కువ. "వీడు తల్లిపాలు గూడ వాసన జూసి తాగిండు" అనేవాడు మా బాపు. ఫౌజులో ఆ గుణం పనికొచ్చింది. సెంట్రీ డ్యూటీ అంటే ముందు నా పేరే రాసేవారు.

జీపులో పన్నెండు కిలోమీటర్లు వెళ్ళాం. ఊరి పేరు చెప్పను. ఊరవతల ఒక బీడు, దాన్ని ఆనుకుని కంది కోసిన చేను. రెండింటినీ కలిపి ట్రాక్టరుతో చదును చేసి రెండు వందల మీటర్ల పట్టీ తీశారు. పడమటి సగం కంది చేను, తూర్పు సగం బీడు. ఐదు గుడారాలు, ఒక నీళ్ళ ట్యాంకరు, గాలి ఎటు వీస్తోందో చూడడానికి వెదురు గడకు కట్టిన గుడ్డసంచి. చుట్టూ కంచె లేదు. నాకు మొదట నచ్చనిది అదే.

శిబిరానికి పెద్ద మేజర్ సాబ్. నా కాగితాలు చూసి హిందీలో అడిగాడు.

"ఏ జిల్లా?"

"ఇదే సార్. కల్వకుర్తి దగ్గర."

"తెలుగోడివి. అయితే నీకు రెండు డ్యూటీలు. పొద్దున ఎగరడం నేర్చుకో. మిగతా పగలంతా ఊరిని కనిపెట్టు. ఎవరు దగ్గరికొస్తున్నారు, ఏం మాట్లాడుతున్నారు, నాకు చెప్పాలి."

ఆ కాలం మీకు గుర్తుందో లేదో. మా జిల్లాల్లో పొద్దుగూకాక తలుపు చప్పుడైతే ఎవరూ వెంటనే తీసేవారు కాదు. వచ్చింది అడవిలోని అన్నలో, వాళ్ళను వెతికే పోలీసులో తెలియదు. ఇద్దరూ అడిగేది ఒకటే: నిన్న ఎవరొచ్చారు, ఏం చెప్పావు. అలాంటి చోట మేము ఆకాశంలో ఎగరడానికి దిగాం. మూడో రోజుకల్లా ఊళ్ళో మాట పుట్టింది: "పైకెల్లి ఇండ్లు లెక్కవెడ్తరంట." మేము వాళ్ళను అనుమానించాం, వాళ్ళు మమ్మల్ని అనుమానించారు. అందులో మోసమేమీ లేదు.

నేను చేరిన మర్నాడు పొద్దున ఆరున్నరకు పట్టీ చివర ఒక మనిషి నిలబడి ఉన్నాడు. యాభై ఏళ్ళుంటాయి. చేతిలో కొడవలి, భుజాన గొంగడి. నేను ఎదురెళ్ళాను.

"ఎవరు నువ్వు?"

"ఆశప్ప సారూ. గీ చేను నేనే కౌలుకు జేస్తి. మా పటేలు మీకిచ్చిండంట, నాకు జెప్పనేలే." కొడవలితో నేలను చూపించాడు. "కంది కొయ్యలు గట్లనే ఉన్నయ్. ట్రాక్టరు మన్ను గప్పింది గని అవి పోలే. ఒక్క దినం సందియ్యుండ్రి, పీక్కపోత. పొయ్యిలకైతయ్."

"వద్దు. గీడికి రావొద్దు."

అతను కదల్లేదు. నా ముఖంలోకి చూశాడు. "నువ్వు మన దిక్కోనివే గద సారూ? మాట గట్లున్నది."

వెనక నుంచి మేజర్ సాబ్ అడిగాడు, ఏమంటున్నాడని. కట్టెలు ఏరుకుంటాడట సార్, అన్నాను. అంతటితో ఆగలేదు. "చూపు బాగా లేదు" అని కలిపాను. చేను పోయినవాడు చేతిలో కొడవలితో వస్తే కట్టెల కోసమే వచ్చాడని నేనెలా నమ్మాలి?

ఇక ఎగరడం సంగతి. మీరు ఆ యంత్రాన్ని చూసి ఉండరు. విమానం కాదు, రెక్క గుడ్డది. నేల మీద పరిస్తే ఒక పెళ్ళి పందిరంత ఉంటుంది. దాని కింద నుంచి సన్నని తాళ్ళు, నులక కంటే సన్నవి, దిగి మన భుజాల దగ్గర కలుస్తాయి. వీపున ఇరవై ఎనిమిది కిలోల ఇంజను, దానికి చెక్క పంకా, చుట్టూ ఇనుప కడ్డీల గూడు. కుడిచేతిలో యాక్సిలేటరు. గాలికి ఎదురుగా పరుగెత్తితే రెక్క లేచి నెత్తి మీదికి వస్తుంది. తలెత్తి చూసుకుని ఇంజను పెంచితే కాళ్ళు నేలను వదిలేస్తాయి. సిద్ధాంతం అది. నేను నమ్మలేదు. గుడ్డనూ దారాన్నీ నమ్మి పైకి పోవడమేమిటి?

మాకు నేర్పే హవల్దారును అందరం ఉస్తాద్ అనేవాళ్ళం. హిందీలోనే మాట్లాడేవాడు, అదీ పొదుపుగా. మేము ఎనిమిది మందిమి, రెక్కలు నాలుగు. మొదటి ఆరు రోజులు ఇంజను లేదు. తెల్లవారి ఆరు నుంచి ఎనిమిదిన్నర దాకా రెక్కను లేపడం, దించడం, మడవడం. తొమ్మిదయితే నేల కాగి గాలి తిక్కతిక్కగా లేస్తుంది, అప్పుడు ఎగరరాదు. మళ్ళీ సాయంత్రం ఐదుకు. రెండో వారం ఒక ఇనుప చట్రానికి మమ్మల్ని వేలాడదీసి, ఇంజను ఆగితే ఏం చేయాలో, కుడి తాడు లాగితే ఎటు తిరుగుతుందో నోటికి వచ్చేదాకా చెప్పించాడు. రాత పరీక్ష కూడా పెట్టాడు.

ఉస్తాద్‌కు ఒక నియమం ఉంది. నీ తాళ్ళు నువ్వు చూసుకోకూడదు, నీ జోడీ చూడాలి. ఒక్కో తాడూ వేళ్ళ మధ్య జార్చి, లెక్కపెట్టి, పుస్తకంలో సంతకం చేయాలి. నా జోడీ వైర్‌లెస్ ఆపరేటరు. పంజాబీ. పాటలు పాడేవాడు. అంత సంతోషంగా ఉండేవాళ్ళను కూడా నేను నమ్మను గానీ, వాడిని నమ్మాను.

పదిహేడో రోజు వాడి మొదటి సోలో. ఆరూ నలభై. కంది చేను వైపు నుంచి పరుగు మొదలుపెట్టాడు. రెక్క లేచింది, ఇంజను పెంచాడు, కాళ్ళు మనిషి ఎత్తు లేచాయి. అంతలో ఎడమ వైపు గుడ్డ మడతపడింది. పక్కకు ఒరిగి భుజం మీద పడ్డాడు. పంకా ముక్కలు మా గుడారం దాకా ఎగిరొచ్చాయి.

కాలర్ ఎముక విరిగింది. పది అడుగుల పైన జరిగి ఉంటే మెడ విరిగేది. ఉస్తాద్ తాళ్ళు లెక్కపెట్టాడు. ఎడమ వైపు మూడు తెగి ఉన్నాయి. పిగిలినట్టు లేవు, కోసినట్టున్నాయి.

మేజర్ సాబ్ పుస్తకం తెరిచాడు. ముందురోజు సాయంత్రం ఆరూ పదికి తాళ్ళన్నీ సరిగ్గా ఉన్నాయని రాసి ఉంది.

"సంతకం నీదేనా?"

నాదే. ఆ సాయంత్రం వెలుగు తగ్గుతోంది. చాయ్ తెచ్చిన గిన్నె ఖాళీ అవుతోంది. చివరి పది తాళ్ళు నేను వేళ్ళ మధ్య జార్చలేదు, కంటితో చూశాను. ఆ మాట చెబితే కోర్సు పోతుంది, చొక్కా చేతి మీది చారలూ పోతాయి.

"సార్, ఆ కొడవలి మనిషి. రోజూ పొద్దున వచ్చి నిలబడుతున్నాడు" అన్నాను.

అబద్ధం కాదు. రోజూ వచ్చేవాడు, దూరంగా నిలబడి నేలవంక చూసి వెళ్ళిపోయేవాడు. అయినా నా నోటి నుంచి ఆ పేరు వచ్చింది అందుకు కాదు. గుమ్మడికాయల దొంగ అనకముందే నేను భుజాలు తడుముకున్నాను.

పది గంటలకు ఒక జీపు ఊళ్ళోకి పోయి ఆశప్పను ఎక్కించుకుని వెళ్ళింది. రెండు రోజులు పోలీసు స్టేషన్‌లో ఉంచారు. మూడో రోజు నడిచి వచ్చాడు, ఎడమ కాలు ఈడుస్తూ. ఏమీ తేలలేదని మేజర్ సాబ్ చెప్పాడు. తేలనంత మాత్రాన లేదని కాదు కదా, అనుకున్నాను నేను. అనుమానం పెనుభూతం అని ఊరికే అనలేదు పెద్దలు.

ఆ మర్నాడే నా సోలో. పరుగు మొదలయ్యే చోటును ఉస్తాద్ బీడు వైపుకు మార్చాడు. దిగే చోటు మాత్రం పాతదే. కంది చేను నడుమ తెల్లగుడ్డ పరిచి ఉంది. నా తాళ్ళు నేనే మూడుసార్లు చూసుకున్నాను, నియమానికి విరుద్ధమైనా. ఉస్తాద్ చూసీ చూడనట్టు ఊరుకున్నాడు.

ఆరూ నలభై రెండు. పదకొండు అడుగులు పరుగెత్తాను. పన్నెండోది గాలిలో పడింది.

భయమేసింది, తర్వాత ఆనందమేసింది. దాచడమెందుకు, అంత ఆనందం నాకు పెళ్ళినాడు కూడా లేదు. మూడు వందల అడుగులు. కింద నల్లరేగడి పొలం చెక్కలు, నడుమ రాళ్ళ గుట్టలు, వాటి మీద పొద్దు. మేకలు చెదిరి పరుగెత్తాయి. బోరింగు దగ్గర ఆడవాళ్ళు బిందెలు వదిలి తలెత్తారు. వేపపుల్ల నోట్లో పెట్టుకున్న ముసలాయన తలెత్తాడు. ఆ మోతకు తలెత్తని మనిషి ఉండడు.

ఒకడున్నాడు. పట్టీలో, తెల్లగుడ్డకు పక్కనే. వంగి కూర్చుని నేలలో ఏదో చేస్తున్నాడు. లేచి నడవడం లేదు. ఎడమ కాలు చాపి, కూర్చున్నచోటు నుంచే పక్కకు జరుగుతున్నాడు.

రేడియో నొక్కాను. "ఉస్తాద్, దిగే చోట మనిషి. ఏదో పాతిపెడుతున్నాడు. ఓవర్."

"కనబడ్డాడు. నువ్వు ఎగురు. ఓవర్."

"ఉస్తాద్, వాడే. ఓవర్."

"చూపు ముందుకు పెట్టు. ఓవర్."

ఆ రోజుల్లో మట్టి కింద పాతిపెట్టేవాటి గురించి మాకు వేరే చెప్పనక్కర్లేదు. రోడ్ల మీద జీపులు ఎలా పేలాయో విన్నవాళ్ళమే. మూడు చుట్లు తిరిగాను. ప్రతి చుట్టులోనూ అదే వీపు. ఒక్కసారైనా తల ఎత్తలేదు. తలెత్తలేదంటే తప్పు చేస్తున్నాడని తీర్మానించుకున్నాను. ఇంజను ఆపి, తెల్లగుడ్డ దాటించి, బీడు అంచున దిగాను. మోకాళ్ళు గీరుకుపోయాయి. ఆరూ యాభై నాలుగు. వీపున ఇంజనుతోనే పరుగెత్తాను.

"ఏం పాతిపెడుతున్నవ్?"

ఆశప్ప రెండు చేతులూ పైకెత్తేశాడు. ఎవరూ ఎత్తమనలేదు. ఒక చేతిలో చిన్న గడ్డపార, ఇంకో చేతిలో జానెడు కంది కొయ్య.

"పాతుడు గాదు సారూ, పీకుడు."

పక్కన కుప్ప ఉంది. వంద దాకా ఉంటాయి. ఏటవాలుగా కోసిన కొయ్యలు, మొనలు కత్తుల్లా ఉన్నాయి. ఒకదాని మొనకు ఎర్రటి దారం పోగులు చిక్కుకుని ఉన్నాయి. వైర్‌లెస్ ఆపరేటరు రెక్క తాళ్ళు ఎరుపు.

"నేను మొదలే జెప్పిన గద సారూ, ఒక్క దినం ఇయ్యుండ్రని. గీ మొనలకు గొర్ల కాళ్ళే తెగుతయ్. మీ దారాలెంత?"

నేను సేద్యగాడి కొడుకును. కంది చేలో ఉత్తకాళ్ళతో నడిచి పెరిగినవాడిని. పద్దెనిమిదో ఏట బూట్లు తొడుక్కున్నాను. బూటు తొడిగిన కాలికి కొయ్య తెలియదు.

"మరి గిప్పుడెందుకు పీకుతున్నవ్?" అన్నాను. గొంతు తగ్గింది.

"మల్ల తెగితె మల్ల నన్నే తీస్కపోతరు. ఇగ నాతోని గాదు సారూ." చేతులు ఇంకా దించలేదు. "ఒక్క మాటడుగుత, ఏమనుకోకు. నువ్వు మనోనివి. నా పేరు ఎవరు జెప్పిన్రో నీకెర్కనా? మా తమ్ముని మీద అనుమానమున్నది నాకు. గట్టు పంచాయితి ఉండె మాకు. వాడే జెప్పి ఉంటడు. మొన్నటిసంది వానితోని మాట్లాడ్తలేను."

ఉస్తాద్ దూరం నుంచి వస్తున్నాడు. అతను చేరేలోపు ఒక్క మాట చాలు. నేనే, అంటే సరిపోయేది.

"నాకు తెల్వదు" అన్నాను.

కొయ్యల సంగతి మేజర్ సాబ్‌కు చెప్పాను. పట్టీ అంతా పీకించాడు. ఆశప్పకు కూలి ఇప్పించాడు. నా సంతకం గురించి మళ్ళీ ఎవరూ అడగలేదు. కోర్సు పాసయ్యాను.

చివరి రోజు పరీక్ష ఎగరడం. ఊరి మీదుగా ఒక చుట్టు. అందరూ తలెత్తారు. ఊరికి ఉత్తరాన రెండు చిన్న చెక్కల నడుమ, గట్టు పొడవునా, కొత్తగా కొట్టిన తుమ్మకంప నల్లటి గీతలా కనబడింది. దాని చివర ఆశప్ప వంగి ఇంకా కంప నాటుతున్నాడు. అవతలి చెక్కలో అతనిలాగే ఉన్న ఇంకో మనిషి, నడుము మీద చేతులు పెట్టుకుని, ఆశప్పనే చూస్తున్నాడు.

సెలవు మీద ఇంటికి పోయాను. మా బాపు మంచంలో లేచి కూర్చుని అడిగాడు. "పైకెల్లి పోతుంటె కింద జనమంత తలెత్తి జూస్తరంట, నిజమేనారా?"

"చూస్తరు బాపూ" అన్నాను.

ఆశప్ప చూడలేదని చెప్పలేదు. ఎన్నేళ్ళయినా ఆ వీపు అలాగే కనబడుతుంది, మూడు వందల అడుగుల కింద, కంప వైపు వంగి. ఆ రోజు అతను తలెత్తి నా వంక చూసి ఉంటే నేను దిగి నిజం చెప్పేవాడినేమో అనుకుంటాను. అదీ నాకు అనుమానమే.