సుగుణ సాయంత్రాలు

1974 వేసవి. తెనాలిలో ఒక చిన్న ఆసుపత్రిలో ఆక్యుపేషనల్ థెరపిస్టుగా చేస్తున్నాను. జబ్బుపడ్డ మనిషి వంట, స్నానం, ఉద్యోగం లాంటి రోజువారీ పనులు మళ్ళీ ఎలా చేసుకోవచ్చో చూపించడమే మా పని. ఆ పేరు నోరు తిరక్క జనం నన్ను "పనుల డాక్టరమ్మ" అనేవాళ్ళు. మా పాపకి అప్పుడు ఏడో నెల.

సుగుణ రేపల్లెలో చిన్న క్లాసుల టీచరు. మద్రాసు డాక్టర్లు ఆమెకి మల్టిపుల్ స్క్లెరోసిస్ అని తేల్చారు. కరెంటు తీగ మీద తొడుగు అక్కడక్కడా ఊడినట్టు, నరాల మీది పొర దెబ్బతినే జబ్బు. చూపు మసకబారడం, కాళ్ళూ చేతులూ తిమ్మిరెక్కడం వచ్చిపోతుండేవి. పోనిది అలసట ఒక్కటే. మేము ఫెటీగ్ అంటాం.

"నిద్ర చాలక కాదండి. తడి దుప్పటి కప్పుకుని మోకాల్లోతు నీళ్ళలో నడుస్తున్నట్టుంటుంది. చెబితే బద్ధకం అంటారని చెప్పను," అంది.

ఆమె భయం వేరే ఉంది. నాలుగేళ్ళ కూతురు రూతుని, బడులు తెరిచేలోగా బాపట్లలో ఆడపడుచు ఇంటికి పంపేద్దామని ఇంట్లో అనుకుంటున్నారు. "పిల్లకి అన్నం కలిపి పెట్టలేనిదాన్ని, ఏ మొహంతో వద్దనను?"

ఆ రోజు ఇంటికెళ్ళి పాపని ఎత్తుకుంటే నా చేతులూ తిమ్మిరెక్కినట్టే అనిపించింది. చాలా రోజులు అలా అనిపిస్తూనే ఉంది.

ఉన్న ఓపికని రోజంతా పరిచి వాడుకోవడం నేర్పాను. కూరలు బల్ల ముందు కూర్చుని తరుక్కోవాలి. అలిసిపోయేదాకా ఆగకుండా ముందే నడుం వాల్చాలి. పొద్దుటిపూట కాస్త మెరుగైంది. సాయంత్రాలు మాత్రం మారలేదు. దీపాలవేళకి చెంచా కూడా ఎత్తలేకపోయేది. ఎందుకో చూద్దామని ఒక మధ్యాహ్నం రేపల్లె బండెక్కాను.

ఆ ప్రయాణం ఇప్పటికీ కలలాగే గుర్తుంది. కోతలైపోయిన పొలాల మీద ఎండ నీళ్ళలా ఊగుతోంది. దూరాన తాటిచెట్లు నేల వదిలేసి గాలిలో నిలబడ్డాయి. బండి కదులుతోందో, చెట్లే వెనక్కి తేలిపోతున్నాయో తెలియలేదు. పెట్టెలో అందరూ నిద్రలో ఉన్నారు.

నేను వెళ్ళేసరికి సుగుణ తేటగానే ఉంది, రూతుకి కథ చెబుతోంది. ఇంతలో పెరట్లోంచి అత్తగారు కాంతమ్మగారు కేకేశారు. "సుగుణా, నీళ్ళు కాగాయి, రా!"

పొగలు కక్కే నీళ్ళు చెంబుతో కోడలి వీపు మీద పోస్తూ, కాళ్ళు రుద్దుతూ, ఎంత ఓపిగ్గా చేయించారో ఆ స్నానం! అదయ్యాక సుగుణ గోడ పట్టుకుని నడిచొచ్చి, నా కళ్ళముందే మంచం మీదికి ఒరిగిపోయింది.

"చూశావా అమ్మాయ్, రోజూ ఇంత వేడిగా పోస్తున్నా ఒళ్ళు తేలికపడదు. రేపట్నించి ఇంకో బిందె కాస్తా," అన్నారావిడ.

ఈ జబ్బుకి వేడి పడదు. చదువుకునేటప్పుడు హాట్ బాత్ టెస్ట్ అని చెప్పారు. అనుమానమున్న వాళ్ళని వేడినీళ్ళ తొట్టిలో కూర్చోబెడితే జబ్బు లక్షణాలు బయటపడతాయి. ఆ తొట్టి ఏ దొరల దేశంలోనో ఉంటుందనుకున్నాను.

సంగతి చెప్పాను. కాంతమ్మగారి మొహం ఎర్రబడింది. "చన్నీళ్ళకి బిగుసుకుపోతే ఎవరు చూస్తారు? తెనాలి నించి నువ్వొస్తావా? ఇద్దరు కూతుళ్ళకి పురుళ్ళు పోసినదాన్ని, నాకు నీళ్ళు పొయ్యడం నేర్పుతావా?"

మంచం మీంచి సుగుణే అంది. "అత్తయ్యా, రేపూ మీరే పొయ్యండి. కాచకుండా పొయ్యండి. నాలుగు రోజులు చూద్దాం."

"పొయ్యి ఊదే పని తప్పించావన్నమాట," అని గొణిగారావిడ.

జూన్‌లో ఆడపడుచు, రూతు బట్టలు సర్దుకుని తీసుకెళ్దామని ఖాళీ పెట్టెతో దిగింది. ఆ సాయంత్రం నేనూ అక్కడే ఉన్నాను. కాచని నీళ్ళతో స్నానమయ్యాక సుగుణ కుర్చీలో కూర్చుని, రూతుకి జడ వేస్తోంది. సగం అల్లి, చేతులు ఒళ్ళో పెట్టుకుని, కాసేపాగి మళ్ళీ అల్లుతోంది. జబ్బు ఎక్కడికీ పోలేదు. బడిలో ఇక ఒక పూటే చెప్పగలదు.

"ఒక్క జడకి ఎంతసేపు వదినా!" అని ఆడపడుచు నవ్వింది.

"ఎంతసేపైతే ఏంటి? పిల్లేమన్నా రైలెక్కాలా?" అన్నారు కాంతమ్మగారు. "ఆ పెట్టె పక్కన పెట్టి అన్నానికి రా."

అప్పట్నించి కొత్తగా ఎవరొచ్చినా, రోజంతా మీరేం చేస్తారని అడిగాక, మీకోసం ఇంట్లోవాళ్ళు ఏం చేస్తారనీ అడుగుతున్నాను. కొందరు నవ్వుతారు. కొందరు చాలాసేపు చెబుతారు. ఆ చలికాలం మా పాపకి స్వెట్టరు తొడుగుతూ నేనూ ఒక్కోసారి ఆగిపోయేదాన్ని, ఇది దాని చలికా, నా భయానికా అని.