గుమ్మం బయట యజమాని

మా రాదిసావ్ సిగరెట్టు లేకుండా పది నిమిషాలు బతకలేడు. తన కఫానాలో, అంటే కాఫీ కొట్టులో, మాత్రం ఎవర్నీ ఒక్క దమ్ము లాగనివ్వడు, తనతో సహా. కాబట్టి నిష్ ఊళ్లో మా స్టేషను వీధికి ఎప్పుడొచ్చినా ఆ కఫానా యజమాని గుమ్మం బయటే కనిపిస్తాడు. వానలో గొడుగుతో, మంచులో గొర్రెతోలు టోపీతో, ఎండలో నెత్తిన తడిగుడ్డతో.

పక్కనే నా చెప్పుల కొట్టు. నా పేరు వ్లాదేట. మూడేళ్లుగా అతను నా గుమ్మం ముందే బూడిద రాలుస్తున్నాడు గనుక అతని గురించి చెప్పే హక్కు నాకుంది.

చిన్న కఫానాల్లో పొగ ఉండాలో వద్దో యజమానులే తేల్చుకోవచ్చని చట్టం వచ్చినప్పుడు వీధంతా పండగ చేసుకుంది. అందరూ ‘పొగ తాగవచ్చు’ అన్న కాగితం తలుపులకి అంటించారు. మూడేళ్ల కిందట రాదిసావ్ ఉన్నట్టుండి దాన్ని పీకేసి ‘పొగ తాగరాదు’ అని అంటించాడు. అంటిస్తున్నప్పుడు నోట్లో సిగరెట్టు ఉంది.

“పిచ్చి గాని పట్టిందా నీకు?” అన్నాను.

“నా కొట్టు, నా ఇష్టం. చట్టమే చెప్పింది.”

“ఆ ఇష్టాన్ని ఇలాగేనా వాడుకునేది?”

“అందరూ చేసేదే నేనూ చేస్తే అది నా ఇష్టం ఎలా అవుతుందోయ్?”

వారం తిరిగేసరికి రోజూ అక్కడ డొమినోలాడే మా జట్టు ఎదుటి కఫానాకి మారిపోయింది. నేనూ మారాను, దాచడమెందుకు. మిగిలిన ఒకరిద్దరూ విసిగిపోయారు. రాదిసావ్ ఏం కావాలో సగం విని “ఉండండి, ఇప్పుడే వస్తా” అని బయటికొచ్చేసేవాడు. మిగతా సగం వాళ్లు కిటికీలోంచి అరవాల్సి వచ్చేది. ఈలోగా పొయ్యి మీది కాఫీ పొంగి మంట ఆరిపోయేది.

ఒకసారి తనిఖీ అధికారి వచ్చాడు. ఫారం తీసి, అలవాటు కొద్దీ సిగరెట్టు నోట్లో పెట్టుకున్నాడు.

“బయట,” అన్నాడు రాదిసావ్.

“నేను తనిఖీకి వచ్చానండీ.”

“అందుకే బయట.”

ఇద్దరూ ఒకే గొడుగు కింద నిలబడి, చెరో సిగరెట్టు కాలుస్తూ ఫారం నింపారు.

నవ్వుకునేవాళ్లం. కానీ సాయంత్రాలు ఎదుటి కఫానాలోంచి చూస్తే, దీపాలన్నీ వెలిగించిన ఖాళీ గది ముందు అతనొక్కడే నిలబడి ఉండేవాడు. నాకు బాధేసేది. అటు కనిపించకుండా కుర్చీ తిప్పుకుని కూర్చునేవాణ్ణి.

ఒక్క మనిషి మాత్రం వచ్చేది, రిటైరైన భూగోళం టీచరు కొసారగారు. రోజూ పదకొండింటికి వచ్చి, కిటికీ పక్కన ఒక్క కాఫీతో గంటసేపు కూర్చుని వెళ్లేది.

“క్రిస్మస్ దాటాక మూసేస్తాను వ్లాదేటా,” అన్నాడు రాదిసావ్ మొన్నటి చలికాలంలో. “ఖాళీ కుర్చీలకి ఎన్నాళ్లని కాఫీ కాస్తాను?”

ఆ వారంలోనే ఓ ఉదయం కఫానా నాకప్పగించి బజారుకి వెళ్లాడు. ఖాళీ గది, చలి. ఎవరు చూడొచ్చార్లే అని ఒక సిగరెట్టు వెలిగించాను. తిరిగొచ్చి గుమ్మంలోనే వాసన పట్టాడు. తిడతాడనుకున్నాను. కిటికీలన్నీ తెరిచి, కుర్చీ ఎక్కి కర్టెన్లు ఊడబీకుతూ ఏడుపు గొంతుతో అన్నాడు: “పదకొండు కావస్తోంది. ఆవిడ వచ్చేస్తుంది. ఇప్పుడెలా?”

“ఎవరు, టీచరుగారా?”

“ఆవిడ ఊపిరితిత్తులు బాగాలేవు. అప్పట్లో ఇక్కడ మన పొగకి దగ్గి దగ్గి, ఎదురు మనకే క్షమాపణ చెప్పి వెళ్లిపోయింది. మర్నాడు చూస్తే బస్టాపులో, ఆ చలిలో, ఫ్లాస్కులో కాఫీ తాగుతోంది. ఇంట్లో మాట్లాడే మనిషి లేక, బస్సు కోసం నిలబడ్డవాళ్ల కబుర్లు వింటూ కూర్చుంది.”

“ఆ ముక్క మాకు చెప్పొచ్చుగా?”

“మీకు చెబితే ఆవిడకి చేరుతుంది. తన మూలాన కొట్టు ఖాళీ అయిందని తెలిస్తే ఇక వస్తుందా?”

సిగ్గుతో చచ్చిపోయాను. ఆ కర్టెన్లు చంకలో పెట్టుకుపోయి నా కొట్టు వెనక నేనే ఉతికాను.

పన్నెండింటికి టీచరుగారు ఇంటికి వెళ్తూ నా దగ్గర ఆగింది.

“వ్లాదేటా, నీ స్నేహితుడికి కాస్త బుద్ధి చెప్పకూడదూ? మొండితనంతో అందర్నీ తరిమేసుకున్నాడు. కాఫీ మానెయ్యమని డాక్టరు చెప్పి రెండేళ్లయింది. అయినా వస్తున్నాను. నేను కూడా రాకపోతే పాపం అతన్ని పలకరించే దిక్కెవరు? ఈ మాట అతనితో అనకు, చిన్నబుచ్చుకుంటాడు.”

“అనను టీచరుగారూ,” అన్నాను. నవ్వు కనిపించకుండా చేతిలో ఉన్న బూటు మొహానికి అడ్డం పెట్టుకున్నాను.

మర్నాడు పదకొండింటికి డొమినోల జట్టుని మెడపట్టి లాక్కొచ్చాను. మాకూ దగ్గు పట్టుకుంది, పొగ పడటం లేదని రాదిసావ్‌తో చెప్పాను. మొదటిరోజు గొణిగారు. తర్వాత టీచరుగారి చేతిలో వరసగా ఓడిపోయి, పగ తీర్చుకోడానికైనా రోజూ వస్తున్నారు. ఓడినవాడు ఆవిడ అడిగిన దేశానికి రాజధాని చెప్పాలి. క్రిస్మస్ దాటిపోయింది, కఫానా మూతపడలేదు.

నిన్న మంచు బాగా కురిసింది. లోపల మేమంతా వెచ్చగా కూర్చున్నాం. బయట యజమాని ఒక్కడే, టోపీ మీద బెత్తెడు మంచుతో. టీచరుగారు కిటికీ తెరిచింది.

“రాదిసావ్, లోపలికి రావయ్యా. నీ వంతొచ్చింది.”

“ముందు కిటికీ మూసెయ్యండి టీచరుగారూ, పొగొస్తుంది,” అంటూ రోడ్డు దాటి అవతలికి పరిగెత్తాడు. అక్కడి కఫానావాళ్లు లోపలికొచ్చి కాల్చుకోమని పిలిచారు. వినిపించుకోలేదు. సిగరెట్టు వీపు వెనక దాచుకుని, మంచులోనే నిలబడి, తన ఆట నన్ను ఆడమని సైగ చేశాడు.