ముప్పై పక్కన చుక్క

దయ్యాల కబుర్లు మొదలైతే అక్కడి నుంచి లేచి వెళ్లిపోయే మనిషిని నేను. ప్రోగ్రాములు రాసుకుని బతికేదాన్ని. అయినా ఇది జరిగింది కాబట్టి, జరిగినట్టే రాస్తున్నాను.

మాచర్ల దగ్గర బండలు కోసే ఫ్యాక్టరీ ఒకటుంది. కోత మిషన్‌ను నడిపేది ఓ పాత కంప్యూటర్. దానికి ప్రోగ్రాములు రాసింది వినుకొండ మస్తాన్ గారు. మెకానిక్‌గా మొదలై, పుస్తకాలు ముందేసుకుని సొంతంగా సీ అనే ప్రోగ్రామింగ్ భాష నేర్చుకున్నారు. ఆయన కోడ్ చదువుతుంటే ముచ్చటేసేది. అక్కర్లేని లైను ఒక్కటి కనపడదు.

ఒంట్లో బాగాలేక ఆయన మానేశాక, కొత్త సైజు బండలకు ప్రోగ్రాం రాసే పని నాకొచ్చింది. నేను ఇప్పటి సీలో రాసుకెళ్లాను. మనం రాసింది కంప్యూటర్‌కు అర్థమయ్యేలా మార్చే అక్కడి కంపైలర్‌కి పాత సీ తప్ప తెలియదు. పొద్దుటి నుంచి కూర్చుని ఒక్కో ఫంక్షన్‌నూ, అంటే ప్రోగ్రాంలోని ఒక్కో భాగాన్నీ, పాత పద్ధతిలోకి మార్చాను. మధ్యాహ్నానికి తప్పులేవీ చూపించలేదు.

బండ ఎక్కించమన్నాను. అక్కడే పనిచేసే సైదమ్మ భర్త బ్లేడు పక్కనే నిలబడి సర్దుతున్నాడు. నేను బటన్ నొక్కబోతుండగా సైదమ్మ లోపలికొచ్చింది. బండలు తుడిచే మనిషి, అక్షరం ముక్క రాదు.

"మస్తానన్న బయట నీళ్ల తొట్టి కాడ ఉండాడు. ముప్పై పక్కన చుక్క పెట్టమని నీకు చెప్పమన్నాడమ్మా. ఏందో మరి," అంది.

నా చెయ్యి అక్కడే ఆగిపోయింది. బ్లేడును జరిపే ఫంక్షన్‌కి నేను ముప్పై అని పంపాను. దానికి కావాల్సింది దశాంశం. కొత్త కంపైలరైతే తనే మార్చుకుంటుంది. పాతది మార్చదు, తప్పని చెప్పనూ చెప్పదు. ఏదో చెత్త అంకె తీసుకుని బ్లేడును ఎటో తోసేస్తుంది. ముప్పై పక్కన చుక్క పెడితే అది దశాంశమైపోతుంది, అంతే చాలు. ఆ లైను నేను తప్ప ఎవరూ చూడలేదు.

చుక్క పెట్టి బయటికి పరిగెత్తాను. తొట్టి దగ్గర ఎవరూ లేరు. మస్తాన్ గారికి ఫోన్ చేస్తే ఆయన భార్య ఎత్తారు. ముందురోజు నుంచి ఆయన గుంటూరు ఆసుపత్రిలో స్పృహ లేకుండా ఉన్నారట. ఫ్యాక్టరీలో ఆ సంగతి ఎవరికీ తెలియదు. ఆ తర్వాత రెండు రోజులకే పోయారు.

పరామర్శకు వెళ్లి ఆమెకు అంతా చెప్పాను. 

"బ్లేడు కాడ మనుషులు నిలబడతారని ఆయనకు చానా బెంగమ్మా. మంచంలో కూడా అదే మాట," అన్నారు.

ఆ రోజు ఆయన ఎలా కనిపించారని సైదమ్మను ఎన్నిసార్లు అడిగినా ఒకటే చెబుతుంది: నీలం చొక్కా, చేతిలో కళ్లజోడు.

ఆ ప్రోగ్రాం ఇప్పటికీ నడుస్తోంది. రాసినవారి పేర్ల దగ్గర ముందు ఆయన పేరు, తర్వాత నాది పెట్టాను. ఆ కోడ్ ఆయన చూడనేలేదు కదా అని ఎవరైనా అడిగితే, ముప్పై పక్కనున్న ఆ చుక్క చూపిస్తాను.